చెరువు – కాయకమునకు, దాసోహమునకు నెలవు

భూమిపై నున్న నీటిలో నూటికి 97 పాళ్లు ఉప్పునీరు. మిగిలిన కొద్దిపాటి మంచినీటిలో అధికభాగము హిమరూపమున గడ్డకట్టి యున్నది. మానవుడు తోడి వాడుకొను మంచినీటిలో సుమారు 70 పాళ్లు సేద్యమునకే వ్యయమగుచున్నది. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున మనిషికి దినమునకు 50 లీటర్లకు మించి వాడరాదని కట్టడి చేయవలసి వచ్చినది. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల గృహిణులకు ఈ వార్త వింత కాదు. బిందెలు వరుస పెట్టి ట్యాంకరు కొరకు ఎదురుచూచిన అనుభవము వారికి కలదు.

ఈ మూడు ఊళ్లును పూర్వము అనంతపురము జిల్లాలోనివి. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతము ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అయినను లెక్క వేసి చూచినచో, అంత వాన పడిన ఏట ఒక్క యెకరముపై 22 లక్షల లీటర్ల నీరు కురియును. అదియు కొలది దినములలోనే కుండపోతగా వచ్చి పోవును. 2021 నవంబరులో చిత్రావతి పొంగి, నదిలో చిక్కుకొన్న వారిని హెలికాప్టరుతో రక్షింపవలసి వచ్చినది. కరవుసీమలోనే వరద! వాన తక్కువ యనుట నిజమే. వచ్చిన వానను నిలుపుకొనలేకపోవుట అంతకంటె పెద్ద లోపము.

పూర్వులు ఈ సంగతి నెరిగిరి. క్రీ.శ. 1388లో విజయనగర రాజకుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నుండి, హెన్నె నదిని, అనగా పెన్నను, పట్టణమునకు తేవలసినదని ఆజ్ఞాపించెను. జలసూత్ర నిపుణుడైన సింగయభట్టు కాలువ త్రవ్వించి సిరువెర చెరువునకు కలిపినట్లు శాసనము చెప్పుచున్నది. ధర్మవరము ఊరును, చెరువును క్రియాశక్తి ఒడెయరు నిర్మించి, తల్లి ధర్మాంబ పేర ఊరికి నామకరణము చేసెనని స్థానిక సంప్రదాయము. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనము (1369) మంచి చెరువునకు 12 అంగములను, 6 దోషములను వివరించినది. నేల విశాలమై నీరు స్వల్పమగుట ఆ దోషములలో నొకటి. ఆరు శతాబ్దముల నాటి ఆ హెచ్చరిక నేటికిని వర్తించును.

చెరువు కట్టుట ఒకనాటి పని, కాపాడుట నిత్యకాయకము. చెరువుల మరామత్తునకై దశబంధ మాన్యము లుండెడివి. నీరుగంటి తూము తీసి వంతుల ప్రకారము మడులకు నీరు పారించెడివాడు. రైతులు పూడిక మట్టిని బండ్లపై తోలి పొలములకు ఎరువుగా వేసికొనెడివారు. ఒక చెరువు మరవ పారిన నీరు దిగువ చెరువునకు చేరెడిది. కాలక్రమమున మాన్యములు పోయినవి; వంకలు పూడినవి; చెరువు ఎవరిదియు కాక పోయినది. దాని స్థానమున ఎవరి బోరు వారిది యైనది.

ఇక్కడి నేల క్రింద నున్నది కఠినశిల. నీరు పై పొరలలోని మెత్తబడిన రాతియందును, బండల నెఱ్ఱెలయందును మాత్రమే నిలుచును. ఒకరు 300 అడుగులకు పోయిన, పొరుగువారు 500 అడుగులకు పోవుదురు. పిదప ఇద్దరి బోరులును ఎండును. అప్పు మాత్రము మిగులును. 2002 నాటి వాల్టా చట్టము బోరులకు నియమములు విధించినది గాని, చట్టము కంటె ముందు మనస్సు మారవలెను.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ శరణకుటుంబములకు సుపరిచితము. కల్యాణమున రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి జంగమదాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యము కంటె అధికముగా బియ్యము తేగా, లక్కమ్మ అది ఆశ యని మందలించి, ఎక్కువైన దానిని తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. ఆమె దృష్టితో చూచిన, అవసరమునకు మించి తోడిన బోరునీరు ఎవరిది? పొరుగువాని బావిది, పుట్టబోవు బిడ్డలది.

నేడు కృష్ణాజలము హంద్రీ-నీవా పథకము ద్వారా శ్రీశైలము జలాశయము నుండి ఎత్తిపోయబడి ఈ సీమకు వచ్చుచున్నది. 2016లో అది పెనుకొండ సమీపమున గొల్లపల్లి జలాశయమునకు చేరినది. బసవేశ్వరుడు ఐక్యమందిన కూడలసంగమమును తాకి వచ్చు నది యదియే. ఇది మహోపకారము. కాని ప్రతి బిందెడు నీటిని మిట్టకు చేర్చుటకు విద్యుత్తు వ్యయమగుచున్నది. ఎగువన వాన లేని ఏట దానికిని కొరత తప్పదు. వచ్చిన నీటిని నిలుపుటకు మరల చెరువే కావలెను.

సొన్నలిగె సిద్ధరాముడు చెరువు త్రవ్వించి ప్రజలకు మేలు చేసిన శివయోగి. శోలాపురమున నేటికిని ఆ చెరువు నడుమ ఆయన గుడి కలదు. ఆ త్రోవలో నడచుటకు మఠములకు గొప్ప అవకాశము కలదు. 200 చదరపు మీటర్ల పైకప్పుపై ఏటా సుమారు 1,10,000 లీటర్ల వాన కురియును. దానిని తొట్టెలోనికో, ఇంకుడు గుంతలోనికో మళ్లించిన, దాసోహపు వంటశాలకే తోడ్పడును. గ్రామముల వారు వేసవిలో పూడిక తీసి, వంకలలోని ముళ్లకంపను తొలగింపవచ్చును. రైతులు బోరు క్రింద వరి మాని, రాగి, కొర్ర వంటి పైరులను, బిందుసేద్యమును అవలంబింపవచ్చును. ధర్మవరమున పట్టునకు రంగులద్దు వారు ఆ మురుగు చెరువులో కలియకుండ చూచుట కూడ కాయకశుద్ధియే.

అన్నదాసోహమునకు ముందు జలదాసోహము. కట్టను కాపాడు చేయి కాయకము. వంతుకు మించి కోరని మనస్సు దాసోహము. ఈ రెండును కలిసిన చోట చెరువు నిండును.

మననమునకు:
1. ఊరి చెరువునకు నీరు తెచ్చు వంక ఏది? అది నేడు తెరచి యున్నదా?
2. ఇంటిలో దినమునకు ఎన్ని బిందెల నీరు వ్యయమగుచున్నది? అందులో వృథా యెంత?
3. లక్కమ్మ మాటను సేద్యపు నీటికి అన్వయించిన, ఏ పైరు తగినది?