కూలిన కెర్నెల్ విడిచిన ఆధారాలు

వానలు మొహం చాటేసిన ఏడు కూడా విత్తనపు కాయల మూట విప్పకూడదని అనంతపురం మెట్టరైతు పట్టుదల. కంప్యూటరులోనూ అలాంటి మూట ఒకటి ఉంటుందంటే నమ్ముతారా?

కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. దాన్ని పరీక్షించేటప్పుడు ఒక్కోసారి యంత్రం మొత్తం కుప్పకూలుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో తెలిపే ఆధారమంతా అప్పటికి మెమరీలోనే ఉంటుంది. కరెంటు తీసి మళ్ళీ వేశారా, అది కాస్తా పోతుంది! పోనీ, కూలిన కెర్నెల్ చేతనే డిస్కు మీద రాయిద్దామా? కళ్ళు తిరిగి పడిపోతున్నవాడి చేతికి సిరాబుడ్డి ఇచ్చినట్టే. సిరా మీ ఫైళ్ళ మీదే ఒలకవచ్చు.

దీనికి బెంగుళూరులోని ఐ.బి.యం. ఇంజనీర్లు రూపొందించిన ఉపాయం పేరు కెడంప్. 2005లో వెలువడిన లినక్స్ 2.6.13లో ఇది చేరింది. యంత్రం మొదలయ్యేటప్పుడే కొంత మెమరీని విడిగా తీసిపెట్టి, అందులో రెండో కెర్నెల్‌ను నింపి ఉంచుతారు. మొదటిది ఆ భాగం జోలికి పోదు. అది కూలగానే, కరెంటు ఆగకుండానే, రెండోది ఆ కొద్ది చోటులో లేచి, పాత మెమరీని ఉన్నదున్నట్టు డిస్కులోకి నకలు తీస్తుంది. కూలిన క్షణాన ఏ పని నడుస్తోందో, ఏ ఫంక్షను దేన్ని పిలిచిందో ఆ నకలులో తీరిగ్గా వెతకవచ్చు.

మామూలు రోజుల్లో ఆ తీసిపెట్టిన మెమరీ మరే పనికీ అక్కరకు రాదు, నిజమే. ఇంతకీ ఈ ఏర్పాటు సమయానికి పనిచేస్తుందని ముందే తెలిసేదెలా? కెర్నెల్‌ను కావాలనే కూల్చే ఆజ్ఞ ఒకటి లినక్స్‌లో ఉంది. పరీక్షకులు దాన్ని వాడి చూస్తారు. మీ బడి కంప్యూటరు మీద మాత్రం వద్దు సుమా!