ఎంతిస్తుంది?

కారు కొన్నవాణ్ని మనవాళ్లు మొదట అడిగేది "ఎంతిస్తుంది?" అనే. షోరూములో చెప్పిన అంకెనే నేనూ అప్పజెప్పేవాణ్ని: ఇరవై. అది ల్యాబులో రోలర్ల మీద తిప్పి తేల్చిన లెక్క. అమీర్‌పేట సిగ్నళ్ల సంగతి దానికేం తెలుసు!

అసలు లెక్కకు ఒక చిన్న పుస్తకం, పెన్ను చాలు. బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించండి. నాజిల్ టక్కున ఆగాక "రౌండ్ ఫిగర్ చేస్తా సార్" అని కుర్రాడు ఇంకొంచెం పోయబోతాడు, వద్దనండి. ట్రిప్ మీటరు సున్నా చేసి, రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి. మళ్లీ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, నాజిల్ ఆగేదాకా నింపించి ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోండి.

నాకు 412 కిలోమీటర్లకు 28.6 లీటర్లు పట్టింది. అంటే లీటరుకు 14.4. పెట్రోలు 107 రూపాయల చొప్పున 3,060 రూపాయలు. కిలోమీటరుకు 7 రూపాయల 43 పైసలు. మైలేజీ గొప్పలకు పనికొస్తుంది గానీ, జేబుకు తగిలేది ఈ చివరి అంకే. ఒక్క ట్యాంకును నమ్మలేక ఇంకో రెండు చూశాను. అటూఇటూగా అంతే వచ్చింది.

ఇక తగ్గించడం. మొదట గాలి. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీదే ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్న పొద్దుటి పూటే పట్టించాలి; ఎండలో తిరిగొచ్చి చూస్తే గేజి ఎక్కువ చూపిస్తుంది. నా టైర్లలో 8 పాయింట్లు తక్కువున్నాయి! డిక్కీలో ఎవరి పెళ్లికో కొన్న స్టీలు బిందెలు రెండు నెలలుగా ఊరేగుతున్నాయి, దించేశాను. దూరాన ఎర్ర లైటు కనబడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడం, హైవే మీద 100 బదులు 80లో వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

వాలులో న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందన్నది కార్బురేటర్ కాలపు నమ్మకం. ఇప్పటి ఇంజిన్ గేరులో ఉండగా కాలు తీస్తే పెట్రోలు ఆపేస్తుంది. న్యూట్రల్‌లోనైతే తాగుతూనే ఉంటుంది. పైగా బ్రేకుల మీద భారం.

తర్వాతి మూడు ట్యాంకుల సగటు 15.8. కిలోమీటరుకు 6 రూపాయల 77 పైసలు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే నాకు 660 రూపాయలు మిగిలాయి.

మా బావమరిది మాత్రం లీటరు రూపాయి చవకని ఊరవతలి బంకుకు వెళ్తాడు. 30 లీటర్లకు అతనికి మిగిలేది 30 రూపాయలు. రానూపోనూ పది కిలోమీటర్లకు, నా కారు లెక్కన, అయ్యేది 67 రూపాయల 70 పైసలు.