ఇంటిపని ఎవరి పని?

సాయంత్రం ఆరయితే మా వీధి పిల్లలు నలుగురైదుగురు పుస్తకాల సంచులతో మా ఇంటికి వస్తారు. ట్యూషన్ అనేంత పెద్దదేమీ కాదు. నేను చదువుకుంటూ వాళ్లచేత హోంవర్క్ చేయిస్తాను, అంతే.

వాళ్లలో మూడో తరగతి పాప ఒకతె ఉంది. దాని నోటుబుక్కు చూస్తే ముచ్చటేస్తుంది. ప్రతి పేజీలో ఎర్రసిరా టిక్కు, కింద 'గుడ్'. ఒకరోజు 52లోంచి 27 తీసెయ్యమన్నాను. 35 అని రాసింది. ఎలాగే అంటే, "7లోంచి 2 పోతే 5, 5లోంచి 2 పోతే 3" అంది. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలని దానికి తెలియనే తెలియదు. మరి నోటులో అన్నీ రైటే కదా అంటే, "అవి మా అమ్మ చేసిందక్కా" అంది.

ఆ తల్లిని తప్పు పట్టలేం. పనినుంచి వచ్చి, వంట చేసి, నిద్రకు తూగుతున్న పిల్లను చూసి, రేపు బడిలో తిట్లు తింటుందని తానే రాసింది. కానీ ఆ 35 అనే తప్పు టీచరు కంట పడి ఉంటే, పాపకు ఏది రాలేదో ఒక్క నిమిషంలో తెలిసేది. అమ్మ రాసిన ఒప్పు ఆ తప్పును దాచేసింది. ఇంటిపని విలువ జవాబులో లేదు, పిల్ల స్వయంగా చేసిన ప్రయత్నంలో ఉంది.

అయితే ఇంటిపని అసలు ఎందుకు? ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల కూర్పులను కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తనమీద తానే పరీక్షించుకున్నాడు. 1885లో ఆ ఫలితాలు ప్రచురించాడు. మరుపు మొదట్లోనే ఎక్కువ, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే పొద్దున విన్న పాఠాన్ని సాయంత్రం ఒకసారి తిరగేస్తే నిలుస్తుంది. మన అవ్వలు ఎక్కాలు రోజూ వల్లించింది ఇందుకే కదా!

మరి ఎంత ఇవ్వాలి? 2018లో మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ వద్దని ఆదేశించింది. 2020లో కేంద్రం తెచ్చిన బడిసంచి విధానం కూడా అదే చెబుతుంది. మూడు నుంచి అయిదు తరగతులకు వారానికి 2 గంటలు, ఆరు నుంచి ఎనిమిదికి రోజుకు 1 గంట, ఆపైన రోజుకు 2 గంటలు మించకూడదని అందులో ఉంది. ఇందులో పదిపేజీల చూచిరాతకు చోటెక్కడ?

ఇక మన సంగతి. తమిళనాట 2006 చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం మనకు కావాలి, అందులో సందేహం లేదు. కానీ మా వీధి పిల్లలకు తెలుగు మాటలొచ్చు, అక్షరాలు రావు. అందుకని ఆ పాపకు నేనొక ఇంటిపని ఇచ్చాను: వాళ్ల అవ్వనడిగి ఇంట్లో వస్తువుల పేర్లు అయిదు రాసుకురమ్మన్నాను.

పాప తమిళ లిపిలో రాసుకొచ్చింది. చదవమంటే ఒక మాట దగ్గర "కంప" అంది. పక్కనే ఉన్న అవ్వ నవ్వి, "కంప కాదే, గంప! కంపలో కూరగాయలు పెడితే చేతికి ముళ్లు గుచ్చుకోవా?" అంది. తమిళంలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం. "అయితే 'గ' ఎలా రాస్తారక్కా?" అని పాపే అడిగింది. ఆ రాత్రి పలకమీద ఎవరూ చెప్పకుండానే 'గ' దిద్దుకుంది. అది చదువురాని అవ్వ కూడా సాయం చెయ్యగలిగిన ఇంటిపని.

మనలో చాలామంది రేపు టీచర్లమవుతాం. అప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకుందాం. పిల్ల ఒంటరిగా చెయ్యగలిగినంతే ఇద్దాం. ఇచ్చినదాన్ని తప్పక చూద్దాం, ఉత్త టిక్కుతో సరిపెట్టొద్దు. తప్పు రాసినందుకు తిట్టొద్దు, తిడితే ఆ రాత్రినుంచి అమ్మే రాస్తుంది.

మా పాప మొన్న మళ్లీ 52లోంచి 27 తీసింది. రెండుసార్లు కొట్టేసి, మూడోసారి 25 రాసింది. ఆ పేజీలో 'గుడ్' లేదు, అన్నీ కొట్టివేతలే. నాకు మాత్రం ఆ నోటుబుక్కు మొత్తంలో అదే మంచి పేజీ.