స్త్రీ పాత్ర లేని నాటికలూ, రాధాకుమారి గారూ

మన వైపు వార్షికోత్సవానికి నాటిక ఎంచుకోవలసి వచ్చినప్పుడు మొట్టమొదట వినిపించే మాట "స్త్రీ పాత్ర లేనిది చూడండి గురూ!" అటువంటి నాటికలు ప్రత్యేకించి రాసి, అచ్చువేసి అమ్మిన రోజులున్నాయి. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పగలంతా చాకిరీ చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఉద్దానం ఊళ్లలో రాత్రి స్టేజీ కట్టేసరికి మాత్రం వాళ్లంతా కింద చాపల మీదే! నాయిక కావాలంటే పై ఊరినుంచి డబ్బిచ్చి పిలిపించుకోవాలి. ఆవిడ మధ్యాహ్నం బస్సు దిగి, ఒక్క రిహార్సలుతో రాత్రికి చంద్రమతి అయిపోతుంది. ఆ ఒక్క రిహార్సలు వెనక ఎంత సాధన ఉందో మనం ఆలోచించం.

రాధాకుమారి గారిది దూరదేశం కాదు, విజయనగరం. 1892లో 'కన్యాశుల్కం' తొలిసారి ఆడిన ఊరది. ఆడవేషం మగవాడు కట్టడం మామూలైన కాలమది. సురభి కుటుంబాల్లో ఆడవాళ్లే ఆ పాత్రలు వేసేవారు గాని, అది వాళ్ల ఇంటి వృత్తి.

రాధాకుమారి గారు నాటకాల్లోంచే సినిమాకి వెళ్లారు. 1960లో రావి కొండలరావు గారితో వివాహమైంది. ఆయన మన శ్రీకాకుళంలో చదువుకున్న నటుడు, నాటక రచయిత. 1965లో 'తేనెమనసులు'తో వెండితెర మీదికి వచ్చిన ఆమె ఆరువందలకు పైగా చిత్రాల్లో నటించారు. అమ్మ, అత్త, బామ్మ, పక్కింటి పిన్నిగారు, ఇవే ఎక్కువ. దంపతులిద్దరూ తెరమీద కూడా ఎన్నోసార్లు దంపతులే.

చిన్న వేషం కదా అని తీసిపారెయ్యకండి. నాయికకు కథంతా తోడుంటుంది. పక్కింటి పిన్నిగారికి ఉండేవి రెండే సీన్లు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆమె ఎవరో, ఎందుకొచ్చిందో చూసేవాడికి తెలిసిపోవాలి. ఎదుటివాడి డైలాగు నడుస్తుండగా తను ఎలా వినాలో తెలియడమే సగం నటన అని నా అభిప్రాయం. అది స్టేజీ నేర్పే విద్య. చివరి వరుసకు వినిపించేలా మాట్లాడ్డమూ అక్కడిదే. కెమెరా ముందు మళ్లీ దాన్ని తగ్గించుకోవాలి, అది మరీ కష్టం.

2012 మార్చి 8న, సరిగ్గా మహిళా దినోత్సవం నాడు, ఆమె కన్నుమూశారు.

ఈ ఏడు మనం స్త్రీ పాత్రలున్న నాటికే వేద్దాం, వాటిని అమ్మాయిలచేతే వేయిద్దాం. టెక్కలి, సోంపేట వైపు చీకటిపడకుండా ఇల్లు చేరాల్సినవాళ్లున్నారు కనక రిహార్సలు మూడింటికే మొదలవ్వాలి. కార్యదర్శి గారు హాలు తాళం ముందుగా ఇప్పిస్తే చాలు.