సుగ్గికొచ్చిన పిల్లకూ పాఠం చెప్పగల టీచరు

సహిత విద్య అంటే వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు ఒకే బడిలో కలిసి చదవడం. వాళ్లందరి అవసరాలకు తగ్గట్టు బోధన మారడం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పే అర్థం ఇదే. ఆచరణలో దీని పరిధి ఇంకా పెద్దది. ఇంట్లో మరో భాష మాట్లాడే పిల్లలు, వలస కూలీల పిల్లలు, కులం వల్లో ఆడపిల్ల అయినందువల్లో చదువులో వెనక్కి నెట్టబడిన పిల్లలు కూడా ఇందులోకే వస్తారు. ఉపాధ్యాయ వృత్తిలోకి రావాలనుకునే యువత దీన్ని సిలబస్‌లో ఒక చిన్న అధ్యాయంగా చదివి వదిలేస్తే, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఇబ్బంది పడుతుంది.

తుళ్లూరు ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. పత్తి, మిరప పండిన ఈ నల్లరేగడి పొలాల్లో 2015లో ఆంధ్రప్రదేశ్ రాజధాని కోసం భూసమీకరణ జరిగింది. రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. భూమి లేని కుటుంబాలకు పొలం పని పోయింది; వారికి నెలకు 2,500 రూపాయల పింఛను మొదలైంది. పొలాలున్న చోట భవనాలు లేస్తున్నాయి, వాటిని కట్టడానికి ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు. వారి షెడ్లలో పెరిగే పిల్లలకు తెలుగు కొత్త భాష. పల్నాడు, ప్రకాశం వైపు మిరప చేలలో ఇంకో రకం వలస కనిపిస్తుంది. కర్నూలు పశ్చిమ మండలాల కుటుంబాలు ఏటా కోతల కాలంలో గుంటూరు సీమకు వస్తాయి. దాన్ని అక్కడివాళ్లు సుగ్గికి పోవడం అంటారు. కోతలు ఊపందుకునేదీ బడుల్లో సంవత్సరాంత పరీక్షలు దగ్గరపడేదీ ఒకే కాలం. పెద్దలు చేలో ఉంటే, పిల్లలు కల్లం దగ్గర తమ్ముళ్లను ఆడిస్తూ ఉంటారు.

అలాంటి పిల్ల టీసీ లేకుండా బడి గుమ్మంలో నిలబడితే ఏం చేయాలన్నది చట్టంలోనే ఉంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. టీసీ ఆలస్యమైందని, వయసు ధ్రువపత్రం లేదని, ప్రవేశాల గడువు దాటిందని పిల్లలను చేర్చుకోకుండా ఉండటానికి ఆ చట్టం ఒప్పుకోదు. బడి మానేసిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా చెబుతుంది. ఈ 4, 5, 14, 15 సెక్షన్లను అభ్యర్థులు సాధారణంగా మార్కుల కోసమే చదువుతారు. నిజానికి కొత్త టీచరుకు ఇంతకంటే పదునైన పనిముట్టు లేదు.

చేర్చుకున్నాక అసలు పని మొదలవుతుంది. ఐదో తరగతి వయసున్న పిల్ల రెండో తరగతి వాచకం చదవగలదో లేదో తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు: ఒక పేరా చదివించాలి, ఒక తీసివేత చేయించాలి, నాలుగు మాటలు మాట్లాడించాలి. ఆ తర్వాత తరగతిని బట్టి కాక, చదవగల స్థాయిని బట్టి గుంపులు చేయాలి. లెక్కలకు ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. మిర్చి టిక్కీలు (బస్తాలు), కాటా, కిలోకు ఇంతని కోత కూలి లాంటివి ఈ పిల్లలకు టీచరు కంటే బాగా తెలుసు. వినికిడి లోపం ఉన్న బిడ్డ తరగతిలో ఉంటే బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు, ఆ బిడ్డకు టీచరు పెదవులు కనిపించాలి. చూపు తక్కువైన పిల్లల కోసం రాసే ప్రతి మాటనూ పైకి చదువుతూ రాయాలి. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక మెట్టు వచ్చాకే రెండోది నేర్పాలి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు, కానీ సాధన లేకుండా రావు.

భాష విషయంలో తెలుగు నేల మీద ఒక పెద్ద ప్రయత్నమే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కోయ, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, గోండి, కొలామీ, బంజారా అనే 8 భాషల్లో, 240 బడుల్లో మాతృభాషతో చదువు మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి నడిపించారు. సుగాలి తండాల పిల్లలకు చెప్పే టీచరు లంబాడీ (బంజారా) మాటలు యాభై నేర్చుకుంటే మొదటి నెల ఎంత తేలికవుతుందో ఆ పద్ధతిని చూస్తే అర్థమవుతుంది. వలస పిల్లల విషయానికొస్తే శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ అనుభవం చదవదగ్గది. పనిలో ఉన్న పిల్లలను బ్రిడ్జి కోర్సు శిబిరాల ద్వారా మామూలు బడికి చేర్చిన ఆ కృషికి ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది.

కులం సంగతి వేరుగా చెప్పుకోవాలి. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా చిన్నప్పుడు బడిలోనే అంటరానితనాన్ని చవిచూశారు. తర్వాత ఆయనే గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పాఠాలు చెప్పారు. బడిలో అంటరానివాడిగా చూడబడిన పిల్లవాడు టీచర్లను తయారుచేసే స్థానానికి వచ్చిన సీమ ఇది. తరగతిలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, చీపురు ఎవరి చేతికి వెళుతోంది, మధ్యాహ్న భోజనం వరస ఎలా ఉంది అని గమనించడం ఈనాటికీ టీచరు పనిలో భాగమే.

ఇక కోర్సుల సంగతి. ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీ కావాలంటే ఇంటర్ తర్వాత డీఈఈసెట్ రాసి రెండేళ్ల డీఎల్ఈడీ చేయాలి. బీఈడీ ఉన్నవారు ప్రాథమిక తరగతుల పోస్టులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ ఒక్క విషయం తెలియక దారి తప్పేవారు ఇంకా ఉన్నారు. పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ కావాలంటే డిగ్రీ, ఆపైన ఎడ్‌సెట్ ద్వారా రెండేళ్ల బీఈడీ. డీఎల్ఈడీ చెప్పే ప్రభుత్వ శిక్షణ సంస్థ డైట్ ఉమ్మడి గుంటూరు జిల్లాకు బోయపాలెంలో, ప్రకాశానికి మైనంపాడులో ఉంది. గుంటూరు నగరంలో ఆంధ్ర లూథరన్, సెయింట్ జోసెఫ్ మహిళా బీఈడీ కళాశాలలు పాతవి. ఇంటర్ తర్వాత నేరుగా నాలుగేళ్ల సమీకృత కోర్సు చేయాలనుకుంటే మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ దక్షిణాది విద్యార్థులకు ఉద్దేశించినది. 2020 జాతీయ విద్యా విధానం 2030 నాటికి ఈ నాలుగేళ్ల కోర్సునే కనీస అర్హతగా చేయాలంటోంది.

2014 నాటి నిబంధనల ప్రకారం బీఈడీలో సహిత పాఠశాల నిర్మాణం, జెండర్ అనే అంశాలు సగం పేపర్లుగా ఉన్నాయి. సగం పేపరుతో సహిత విద్య ఒంటబట్టదు. 20 వారాల ఇంటర్న్‌షిప్‌ను సంతకాల తంతుగా మార్చే కళాశాలను ఎంచుకోవడం అభ్యర్థి తనకు తాను చేసుకునే నష్టం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల స్థాయిలో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రంలో కొన్ని రోజులు కూర్చుని చూస్తే వచ్చే అవగాహన ఏ గైడు పుస్తకంలోనూ దొరకదు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం ఎలా వస్తుంది, రాతపరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఎవరికి ఇస్తారు అన్న సంగతులు అక్కడి తల్లిదండ్రులను అడిగినా తెలుస్తాయి.

ప్రత్యేక విద్యలో నిపుణులకు ఇప్పుడు తలుపులు తెరుచుకుంటున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ క్రమంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. వాటిలో 1,136 ఎస్జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు. వీటికి భారత పునరావాస మండలి గుర్తించిన డీఎడ్ లేదా బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్ కావాలి. మేధో వైకల్యంపై కోర్సులకు సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ నిపిడ్ తెలుగువారికి అందుబాటులో ఉన్న పెద్ద కేంద్రం.

ఏ దారిలో వెళ్లినా ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ తప్పదు. మామూలు ఎస్జీటీకి పేపర్ 1-ఎ, ప్రత్యేక విద్యకు 1-బి. స్కూల్ అసిస్టెంట్లకు 2-ఎ, 2-బి. పేపరు 150 మార్కులకు ఉంటుంది. అర్హతకు ఓసీలకు 60, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం రావాలి. ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి గట్టెక్కితే చాలనుకోకుండా ఎక్కువ తెచ్చుకోవడం మేలు. 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో ఎంపికైనవారికి నియామక పత్రాలిచ్చిన సభ 2025 సెప్టెంబరు 25న జరిగింది తుళ్లూరు మండలంలోని వెలగపూడి సచివాలయం దగ్గరే. దివ్యాంగ అభ్యర్థులకు ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. చూపు లేని టీచరు ఒకరు తరగతిలో నిలబడి పాఠం చెబితే, అక్కడి పిల్లలకు సహిత విద్య గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

2022 వేతన సవరణ ప్రకారం ఎస్జీటీ మూలవేతనం 32,670, స్కూల్ అసిస్టెంట్‌ది 44,570 రూపాయలతో మొదలవుతుంది. ప్రత్యేక ఉపాధ్యాయులకు ఒక జాగ్రత్త అదనం. కోర్సు పూర్తికాగానే పునరావాస మండలి కేంద్ర రిజిస్టరులో నమోదై సీఆర్‌ఆర్ నంబరు తీసుకోవాలి. అది లేకుండా ప్రత్యేక ఉపాధ్యాయుడిగా పనిచేసే అర్హత ఉండదు. నమోదుకు గడువు ఉంటుంది. గుర్తింపు పొందిన శిక్షణ తరగతులకు హాజరై, గడువు ముగిసేలోగా దాన్ని పునరుద్ధరించుకోవాలి.