గిటార్ పలకలో నార వాలితే

ప్రశ్న: స్టీల్ తీగల గిటార్ కోసం స్ప్రూస్ పలకలు రెండూ అతికించాక ఒక సగం తెల్లగా, మరో సగం ముదురుగా కనిపిస్తోంది. అంచు దగ్గర చెట్టు బంక నిండిన చిన్న చీలిక కూడా ఉంది. ఈ చెక్క పనికొస్తుందా?

జవాబు: పనికి రావచ్చు, కానీ ముందు నార వాలు చూడండి. ఒకే ముక్కను పుస్తకంలా విప్పి అతికిస్తాం కదా. చెక్క నార పలక ముఖానికి సమాంతరంగా లేకపోతే, దాని కొసలు రెండు సగాల్లో ఎదురెదురు దిశల్లో పైకి తేలతాయి. అందుకే వెలుతురు తేడాగా పడుతుంది. పలకను తలకిందులు చేయండి. ముదురు సగం తెల్లబడితే కారణం ఇదే. చిత్రిక పట్టేటప్పుడు కూడా ఒక సగం నున్నగా వస్తుంది, రెండోది పెచ్చులు లేస్తుంది. ఆ సగాన్ని ఎదురు దిశ నుంచి పట్టండి.

వాలు ఎంతో తెలియాలంటే మిగిలిన ముక్కను రంపంతో కోయకుండా ఉలితో చీల్చండి. చీలిక నార వెంటే నడుస్తుంది. కాస్త పక్కకు పోతే భయం లేదు. బాగా పోతే ఆ పలక వద్దు: తీగలన్నీ కలిసి దాదాపు 70 కిలోల బలంతో బ్రిడ్జ్‌ను లాగుతాయి. లోపలి బ్రేసుల విషయంలో మాత్రం రాజీ పడకండి. నిటారుగా చీలిన చెక్కనే వాడండి.

బంక చీలికను గిటార్ ఆకారం బయటికో, శబ్దరంధ్రంలోకో వచ్చేలా అచ్చు జరపండి. తప్పకపోతే బంకను ఆల్కహాల్‌తో తుడిచి, అదే స్ప్రూస్ పేడును అదే నార దిశలో అతికించండి. రంగు తేడా కంటికి నచ్చకపోతే సన్‌బర్స్ట్ రంగు వేయండి, కొంతవరకు కప్పేస్తుంది.