మాస్కును మెలకువలోనే మచ్చిక చేసుకోండి

నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీపాప్ మెషీన్ ఇంటికి వచ్చిన రోజున పడక వేళ దాకా ఆగకండి. పొద్దుండగానే డబ్బా విప్పండి. కుర్చీలో కూర్చుని, గొట్టం తగిలించకుండా, పట్టీలు బిగించకుండా, ఉత్త మాస్కును చేత్తో ముక్కు మీద ఆనించుకుని నాలుగు ఊపిర్లు తీసుకోండి. తీసేయండి. మళ్లీ పెట్టుకోండి. కాసేపయ్యాక పట్టీలు వేసుకుని టీవీలో వార్తలు చూడండి. ఆ తర్వాత గొట్టం, ఆ తర్వాతే గాలి. ముక్కు మాస్కయితే గాలి వస్తుండగా మాట్లాడబోతే అది నోట్లోంచి తన్నుకొస్తుంది. కంగారు పడొద్దు, నోరు మూసుకుంటే సర్దుకుంటుంది. ఇదంతా కూర్చునే తెలుసుకోవాలి. చీకట్లో, నిద్ర ముంచుకొస్తుండగా, తొలిసారి ముఖం మీద పట్టీ బిగిస్తే మనసు బెదురుతుంది. బెదిరిన మనసు మర్నాటి నుంచి సాకులు వెతుకుతుంది.

శ్రీకాకుళం జిల్లాలో నందిగాం, టెక్కలి, పలాస వైపు, నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బును (స్లీప్ ఆప్నియా) ముందుగా కనిపెట్టేది డాక్టరు కాదు, పక్కన పడుకున్న మనిషి. "ఏటి మావా, రాత్రేళ నీకు ఊపిరాగిపోతంది, నాకు బయమేస్తంది" అని ఇంటావిడ ఎన్నిసార్లు చెప్పినా, గురక పెట్టేవాడికి గాఢనిద్ర పట్టిందనే నమ్మకం మనలో బలంగా ఉంది. నిజానికి ఆ మనిషి రాత్రంతా నిద్రలోంచి బయటికి తోసివేయబడుతూనే ఉంటాడు. గురక సాగుతూ సాగుతూ ఒక్కసారి ఆగిపోతుంది. నిశ్శబ్దం. పక్కవాళ్ల గుండె జారుతుంది. తర్వాత ఒక్క ఉలికిపాటుతో మళ్లీ ఊపిరి అందుతుంది. పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగడాన్నో బాగా తగ్గిపోవడాన్నో ఒక్కటిగా లెక్కపెడతారు. గంటకు అయిదు లోపు ఉంటే మామూలు. 15 నుంచి 30 అయితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. తీవ్రం అంటే సగటున ప్రతి రెండు నిమిషాలకూ ఒకసారి ఊపిరి తడబడుతోందన్న మాట.

ఎందుకు ఆగుతుంది? నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి, దారి మూసుకుపోతుంది. పొలంలో నీళ్లు పారించే చదును పైపును తలచుకోండి. మోటారు ఆడుతుంటే నిండుగా తెరుచుకుని ఉంటుంది, ఆపితే చదునుగా అతుక్కుపోతుంది. సీపాప్ చేసేది ఆ మోటారు పనే. గదిలోని మామూలు గాలినే కాస్త ఒత్తిడితో పంపి గొంతును తెరిచి ఉంచుతుంది. ఇది ఆక్సిజన్ మెషీన్ కాదు. కోవిడ్ రోజుల తర్వాత ముఖానికి మాస్కు, మంచం పక్కన యంత్రం అంటే చాలామందికి ఐసీయూ గుర్తొస్తోంది. ఆ భయాన్ని ఇంటిల్లిపాదికీ ముందే తీర్చండి. చూడటానికి వచ్చిన చుట్టాలకూ ఇదే మాట చెప్పండి.

ఈ యంత్రం లేని రోజుల్లో జబ్బు తీవ్రంగా ఉన్న రోగికి ఉన్న ప్రధాన దారి గొంతు కింద రంధ్రం చేసి గొట్టం పెట్టడమే. సిడ్నీలో కోలిన్ సలివాన్ అనే వైద్యుడు 1980లో మొదటి రోగికి ముక్కు గుండా గాలి ఒత్తిడి ఇచ్చి చూశారు. మరుసటి ఏడాది లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. తొలినాళ్ల యంత్రాలకు వాక్యూమ్ క్లీనర్ మోటార్లు వాడారు. మాస్కును రోజూ రాత్రి ముక్కుకు అతికించుకునేవారు. అంత ఇబ్బందిలోనూ కొందరు దాన్ని వదల్లేదంటే, ఎన్నో ఏళ్ల తర్వాత వాళ్లకు దక్కిన నిద్ర ఎలాంటిదో ఊహించుకోవచ్చు. ఇక ఈ జబ్బును నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క పేరు చాలు. 'గ్యాంగ్ లీడర్' పాటలతో మన ఊళ్లను ఊపేసిన బప్పీలహిరి 2022 ఫిబ్రవరి 15న కన్నుమూశారు. వైద్యులు చెప్పిన కారణాల్లో ముందున్నది స్లీప్ ఆప్నియానే.

ఉద్దానంలో ఈ విషయం మరింత జాగ్రత్తగా మాట్లాడుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పేరు చెబితే కిడ్నీ జబ్బు గుర్తుకొచ్చే పరిస్థితి మనది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. ఇలాంటి చోట రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేచే మనిషి వెంటనే కిడ్నీ గురించో షుగరు గురించో బెంగపెట్టుకుంటాడు. ఆ పరీక్షలు తప్పక చేయించుకోవాలి. కానీ ఊపిరి ఆగినప్పుడల్లా గుండె మీద పడే ఒత్తిడి వల్ల మూత్రం ఎక్కువగా తయారయ్యేలా చేసే హార్మోను విడుదలవుతుంది. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లు రాత్రిళ్లు పదేపదే లేవడానికి అదొక కారణం. కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్ మామూలుగా ఉండీ రాత్రి లేవడం ఆగకపోతే, డాక్టరు దగ్గర గురక సంగతి కూడా ఎత్తండి.

ఇంతకన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది పొద్దుటి తలనొప్పి. రాత్రంతా ఆక్సిజన్ సరిగా అందక, తెల్లారేసరికి తల బరువెక్కి ఉంటుంది. టీ తాగినా తగ్గదు. మందుల షాపులో నొప్పి మాత్ర అడిగి వేసుకుంటారు. రోజూ వేసుకుంటారు. నొప్పి మాత్రల్లో చాలావాటిని అదేపనిగా వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి. కిడ్నీ జబ్బు ఇంతగా వేధిస్తున్న నేలమీద, నిద్రలో మొదలైన ఒక తలనొప్పి ఏళ్ల తరబడి కిడ్నీల మీద భారం వేయడం ఎంత మాత్రం జరగకూడని పని. పొద్దున్నే తలనొప్పి, పగలు కునుకుపాట్లు, మాత్రలు వాడుతున్నా దిగిరాని బీపీ, ఈ మూడూ ఒకే మనిషిలో కనిపిస్తే మాత్ర మార్చడం కన్నా నిద్ర పరీక్ష చేయించుకోవడం మేలు.

కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లలో స్లీప్ ఆప్నియా మామూలు జనంలో కన్నా ఎక్కువ. కాళ్లలో చేరిన నీరు పడుకున్నప్పుడు మెడ వైపు జరిగి గొంతు దారిని ఇరుకు చేయడం అందుకు ఒక కారణం. టొరంటో వైద్యులు కొద్దిమంది రోగులకు పగటి డయాలసిస్ మాని రాత్రంతా నిదానంగా డయాలసిస్ చేసి చూస్తే ఊపిరి ఆగడాలు బాగా తగ్గాయి. 2001లో ప్రచురించారు ఆ ఫలితాలను. డయాలసిస్‌లో ఉన్నవాళ్లు సీపాప్ మొదలుపెడుతుంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మెషీన్ గాలికి నోరు ఎండిపోతే దాహం పెరుగుతుంది. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని కొలత పెట్టుకున్న మనిషికి అది పెద్ద ఇబ్బంది. అందుకే వాళ్లకు గాలిని తడిపే హ్యుమిడిఫయర్ ఉన్న మెషీనే మేలు. నోరు తెరుచుకునే అలవాటుంటే ముక్కునూ నోటినీ కప్పే మాస్కు గురించి మొదట్లోనే అడగాలి. కిడ్నీ డాక్టరుకు సీపాప్ సంగతీ, ఊపిరితిత్తుల డాక్టరుకు డయాలసిస్ సంగతీ చెప్పాల్సింది మీరే.

మొహమాటం గురించి కూడా చెప్పాలి. యాభై ఏళ్లు ఇంటికి పెద్దగా బతికిన మనిషి కోడలి ముందు, అల్లుడి ముందు ముఖానికి పట్టీలతో కనబడటానికి సిగ్గుపడతాడు. ఆడవాళ్ల కష్టం ఇంకా లోతైనది. గురక పెడతానని ఒప్పుకోవడానికే ఎన్నేళ్లో పడుతుంది. పెళ్లిళ్లకు వెళ్లినచోట నలుగురి మధ్య చాప వేసుకుని పడుకోవాల్సి వస్తే మెషీన్ సంచీ విప్పడానికి చెయ్యి రాదు. నా మాట వినండి: దాచకండి. కళ్లద్దాలు పెట్టుకున్న మొదటి రోజు ఎందుకని అడిగినవాళ్లు ఆ తర్వాత ఎవరూ అడగరు. "నాకు నిద్రలో ఊపిరి ఆగుతుంది, ఇది పెట్టుకుంటే ఆగదు" అని ఒక్క వాక్యం చెప్పేయండి. ఆ రాత్రే మీ బావమరిదో తోడల్లుడో చాటుగా వచ్చి తన గురక గురించి అడగవచ్చు. ఆ వాక్యం చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం అక్కరకొచ్చేది మీ ఒక్కరికే కాదు.

తొలి వారం చాలా ముఖ్యం. మొదటి రోజుల్లో ఎలా వాడారో తర్వాతి నెలల్లోనూ అలాగే వాడతారని పరిశోధకులు గమనించారు. కాబట్టి తొలి వారంలో మీరు మీతో చేసుకునే ఒప్పందం చిన్నదిగా, జరిగి తీరేదిగా ఉండాలి. రాత్రంతా పెట్టుకుంటానని శపథాలు పట్టకండి. పడుకునేటప్పుడు పెట్టుకుంటాను, మధ్యలో తీసేసినా మెలకువ వస్తే మళ్లీ పెట్టుకుంటాను, అంతే. పగలు కునుకు తీసినా మాస్కుతోనే తీయండి. మొదట గాలి నెమ్మదిగా వచ్చి క్రమంగా పెరిగేలా ర్యాంప్ అనే సదుపాయం ఉంటుంది, దాన్ని వాడండి. తెల్లారి చూసుకుంటే మాస్కు పక్కన పడి ఉండవచ్చు. అది ఓటమి కాదు. నిద్రలో చెయ్యి తనంతట తాను తీసేసింది, నెమ్మదిగా ఆ చెయ్యే మానుకుంటుంది.

గంటలు మాత్రం పెంచుకుంటూ పోవాలి. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో మన దేశంతో కలిపి ఏడు దేశాల నుంచి 2,717 మంది గుండె, మెదడు రక్తనాళాల రోగులు పాల్గొన్నారు. సీపాప్ ఇచ్చినవాళ్లు సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. వాళ్లలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. పగటి మత్తు తగ్గింది, మనసు తేటపడింది. దీన్ని బట్టి నేను తెలుసుకున్నది రెండు మాటలు. కొద్ది గంటలు వాడినా పగలు హాయిగా ఉంటుంది. అంతమాత్రాన గుండెకు రక్ష కట్టినట్టు కాదు. మూడు నాలుగు గంటల దగ్గర తృప్తిపడి ఆగిపోకండి, నిద్రపోయినంతసేపూ మాస్కు ఉండాలి.

మాస్కు సరిపడకపోతే మనసెంత గట్టిదైనా లాభం లేదు. కూర్చుని సరిచూసుకున్న మాస్కు పడుకుంటే వదులవుతుంది, కాబట్టి పట్టీలు పడుకునే సరిచేసుకోండి. గాలి కళ్లలోకి కొడుతుంటే మరీ బిగించడం పరిష్కారం కాదు, అప్పుడు సైజు మార్చాలి. గుబురు మీసం, గడ్డం ఉన్నవాళ్లకు అంచుల్లోంచి గాలి పోతుంది. ముక్కు రంధ్రాలకు మాత్రమే ఆనే చిన్న మాస్కు వాళ్లకు నప్పవచ్చు. రాత్రి ముఖానికి కొబ్బరినూనె రాసుకునే అలవాటు మన వైపు ఎక్కువ. సీపాప్ వాడే రాత్రుల్లో మానేయండి, నూనెకు మాస్కు జారుతుంది, సిలికాన్ పాడవుతుంది. పొద్దున్నే తేలికపాటి సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండలో కాదు. హ్యుమిడిఫయర్‌లో బోరు నీళ్లు పోయకండి. డిస్టిల్డ్ వాటర్ పోసి, రోజూ మార్చండి. పలాస, కాశీబుగ్గల్లో జీడి ఫ్యాక్టరీల పొగ సోకే వీధుల్లో ఉన్నవాళ్లు మెషీన్ వెనక ఉన్న ఫిల్టర్‌ను చెప్పిన గడువు కన్నా ముందే చూసుకుంటూ ఉండాలి.

పాత మెషీన్ చవగ్గా వస్తుందని కొనే ముందు ఆరా తీయండి. లోపలి నురగ పదార్థం పొడిపొడిగా రాలి ఊపిరిలోకి పోయే ప్రమాదం ఉందని ఫిలిప్స్ సంస్థ 2021 జూన్‌లో లక్షల మెషీన్లను వెనక్కి పిలిచింది. మోడల్ పేరు, సీరియల్ నంబరు రాసుకుని డాక్టరుకు చూపించాకే డబ్బు ఇవ్వండి. నగరాల్లో అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. ఒక నెల అద్దెకు తెచ్చుకుని వాడి చూడటం నాకు తెలివైన దారి అనిపిస్తుంది.

కరెంటు పోతే ఊపిరాడదేమో? దాదాపు అందరూ అడుగుతారిది. ఊపిరాడకపోవడం ఉండదు. మాస్కులో గాలి బయటికి పోయే రంధ్రాలుంటాయి, ముఖమంతా కప్పే మాస్కుల్లో గాలి ఆగగానే తెరుచుకునే కవాటం ఉంటుంది. చాలామందికి వెంటనే మెలకువ వస్తుంది, మాస్కు తీసేస్తారు. చికిత్స ఆగుతుందంతే. అయితే ఇది తీరప్రాంతం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఎన్ని ఊళ్లు ఎన్ని రాత్రులు చీకట్లో గడిపాయో ఉద్దానంలో ఎవరిని అడిగినా చెబుతారు. హ్యుమిడిఫయర్ హీటరు ఆపేస్తే సీపాప్‌కు ఒక ఫ్యానుకు అయ్యేపాటి కరెంటే చాలు. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే పెద్ద బ్యాటరీ మీద రాత్రంతా ఆడుతుంది. తుపాను కబురు రాగానే బ్యాటరీ నింపి ఉంచండి, హీటరు ఆపేయండి. అదీ లేని రాత్రి వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి, తల కాస్త ఎత్తు పెట్టుకుని పడుకోండి. మద్యం, నిద్రమాత్రలు గొంతును ఇంకా వదులు చేస్తాయి. మెషీన్ లేని రాత్రి అవి అసలే వద్దు.

నేషనల్ హైవే 16 మీద లారీ, బస్సు, ఆటో నడిపేవాళ్లకు ఒక మాట. చికిత్స తీసుకోని స్లీప్ ఆప్నియా ఉన్న డ్రైవరుకు ప్రమాదం జరిగే అవకాశం మిగతావాళ్ల కన్నా రెట్టింపు పైమాటే. పరీక్షకు వెళితే లైసెన్సు పోతుందేమో, యజమాని తీసేస్తాడేమో అన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ సీపాప్ సరిగా వాడితే ఆ ముప్పు తగ్గుతుంది. స్టీరింగ్ పట్టుకుని కునుకు వచ్చిన మనిషి, చికిత్స కుదురుకునే దాకా రాత్రి ట్రిప్పులు మానుకోవాలి. ఇందులో బేరం లేదు.

మెషీన్ తెర మీద పొద్దున్నే మూడు అంకెలు చూసుకోండి: ఎన్ని గంటలు వాడారు, గాలి ఎంత బయటికి పోయింది, గంటకు ఎన్నిసార్లు ఊపిరి తడబడింది. చివరిది అయిదు లోపుకు రావాలి. రాకపోతే ఒత్తిడి మీరు మార్చకండి, డాక్టరు మార్చాలి. శ్రీకాకుళమో విశాఖో వెళ్లేటప్పుడు మెషీన్‌లోని మెమరీ కార్డు, మాస్కు, వాడుతున్న మాత్రల చీటీ మూడూ సంచీలో వేసుకోండి, ఇంటావిడను కూడా వెంట తీసుకెళ్లండి. రాత్రి ఏం జరుగుతోందో డాక్టరుకు చెప్పగలిగేది ఆమే. నిద్ర కుదురుకున్నాక కొందరికి బీపీ దిగుతుంది. మాత్ర తగ్గించాలా వద్దా అని అక్కడే అడగండి. అడిగేదాకా ఒక్క మాత్ర కూడా మానకండి.